చాప కింద సంగతులు

జూన్ 21 దగ్గర పడుతోందంటే చాలు, ప్రతి ఇంట్లో ఎవరో ఒకరికి యోగా గుర్తొస్తుంది. 2015లో మొదటి అంతర్జాతీయ యోగా దినోత్సవం జరిగిన దగ్గర్నుంచీ ఏటా ఇదే వరస. ముందుగా ఓ రంగురంగుల మ్యాట్ ఇంటికొస్తుంది. నాలుగు రోజులు హాల్లో పరుస్తారు. వారం తిరక్కముందే అది బీరువా వెనక్కి చేరి, బూజు పట్టిన చుట్టలా నిలబడిపోతుంది. ఏమైందని అడిగితే తలా ఒక జవాబు. కాలు జారుతోందని ఒకరు, వాసన భరించలేకపోతున్నానని మరొకరు, మోకాళ్లు ఒత్తుకుపోతున్నాయని ఇంకొకరు... బద్ధకం సంగతి మాత్రం ఎవరూ చెప్పరనుకోండి!

అన్నిసార్లూ తప్పు మనిషిదే కానక్కర్లేదు. చాపదీ కావచ్చు. ఆ గుట్టు తెలుసుకోవాలంటే ఓ పూట హైదరాబాద్ పాతబస్తీకి వెళ్లి రావాలి. యోగా మ్యాట్‌కీ పాతబస్తీకీ ఏమిటి సంబంధం అంటారా? నేల మీద కూర్చోవడానికి ఒకటి, తినడానికి ఒకటి, మోకరిల్లడానికి ఒకటి, నలుగురు చేరి పాట వినడానికి మరొకటి... పరుచుకునే వాటికి ఇన్ని పేర్లూ, ఇన్ని పద్ధతులూ ఉన్న ఊరు అది. ఒంటికీ నేలకీ మధ్య ఏం ఉండాలి అన్న ప్రశ్నకు అక్కడ నాలుగొందల ఏళ్ల అనుభవం ఉంది.

నయాపూల్ దాటగానే...

ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్లో దిగి అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ ఎక్కితే కింద మూసీ. ఈ నదే 1908 సెప్టెంబర్లో ఊరిని ముంచేసింది. ఆ వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కొత్తగా తీర్చిదిద్దిన బజార్లలో పత్తర్‌గట్టీ ఒకటి. పేరుకు తగ్గట్టే అంతా రాతి కట్టడం. రోడ్డుకు రెండు వైపులా కమాన్ల వరండాలు, వాటి కింద బట్టల దుకాణాలు. మదీనా చౌరస్తా నుంచి ఈ వరండాల నీడలో నడుస్తూ పోతే గుల్జార్ హౌజ్, దాన్ని దాటితే ఎదురుగా 1591 నాటి చార్మినార్. మధ్యాహ్నం ఎండలో కూడా నెత్తి మాడకుండా నడవగలిగే బజారు ఊళ్లో ఇప్పుడు ఎన్ని ఉన్నాయి గనక!

చార్మినార్ పక్కన మక్కా మసీదు వైపు తిరిగితే అత్తరు సీసాలు, టోపీలు, తస్బీహ్ మాలలు అమ్మే చిన్న చిన్న కొట్లు. వాటి మధ్యనే మడతలు పెట్టి దొంతరలుగా పేర్చిన జానమాజ్‌లు. అంటే నమాజు చేసుకునే ఆసనాలు. ముదురాకుపచ్చ, ఎరుపు, నీలం మఖ్మల్ మీద మసీదు గూడు ఆకారంలో ఓ కమాను బొమ్మ. ఆ కమాను కొస మక్కా దిక్కుగా ఉండేలా పరుస్తారు. హజ్‌కి వెళ్లొచ్చినవాళ్లు జమ్‌జమ్ నీళ్లు, ఖర్జూరాలతో పాటు బంధువులకు తెచ్చిచ్చే కానుకల్లో ఇదీ ఒకటి. పాతబస్తీ ఇళ్లలో అమ్మమ్మకు ఎవరో తెచ్చిచ్చిన జానమాజ్ మనవరాలి పెళ్లి సామాన్లో కనిపించడం వింతేమీ కాదు.

కొలత చూడండి. సుమారు రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు. ఎందుకంత? నిలబడటానికి, మోకరిల్లడానికి, నుదురు నేలకు ఆనించడానికి సరిగ్గా అంతే కావాలి. ఒక మనిషి చేసే ఒక పనికి తగ్గట్టు కోసిన కొలత అది. ఈమధ్య లోపల స్పాంజి పొర పెట్టి కుట్టినవి కూడా వస్తున్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల కోసం.

అన్నట్టు, అందంగా ఉంది కదా అని జానమాజ్ కొనుక్కెళ్లి దాని మీద ఆసనాలు వేద్దామనుకోవడం బాగోదు. అది ప్రార్థనకు మాత్రమే. పూజగదిలోని పీటను బల్బు మార్చడానికి ఎక్కం కదా, ఇదీ అంతే. కానీ దాన్ని చూసి నేర్చుకోవాల్సింది మాత్రం ఉంది. చెప్పుకాలు పెట్టరు. పని కాగానే మడిచేస్తారు. నడిచే దారిలో పరిచి వదిలేయరు.

ఆ క్రమశిక్షణ ఎలా ఉంటుందో చూడాలంటే రంజాన్ నెల చివరి శుక్రవారం, జుమాతుల్ విదా రోజు. 1694లో పూర్తయిన మక్కా మసీదులో పదివేల మంది ఒకేసారి నమాజు చేయొచ్చంటారు. ఆ రోజు ఆ జాగా కూడా చాలదు. వరసలు చార్మినార్ చుట్టూ తిరిగి పత్తర్‌గట్టీ దాకా వస్తాయి. చాలామంది ఇంటినుంచే చాపో జానమాజో చంకన పెట్టుకుని వస్తారు. నమాజు అయిపోగానే వంగి తీయడం, ఒక్కసారి దులపడం, మడవడం... చూస్తుండగానే రోడ్డు మళ్లీ రోడ్డైపోతుంది.

ఒకటి కాదు, మూడు

ఇంత మంచి కొలతలు తెలిసిన ఊరు ఏనాడూ ఒక్క చాపతో సరిపెట్టుకోలేదన్నదే అసలు ముచ్చట.

పాత హైదరాబాదీ ఇళ్లలో ఖవ్వాలీకో ముషాయిరాకో జనం చేరితే ఏం పరుస్తారు? అన్నిటికన్నా కింద చాప. నేల చెమ్మ, దుమ్ము పైకి రాకుండా. దాని మీద షత్రంజీ. అంటే మందపాటి నూలు జంఖానా. చదరంగం గళ్లలాంటి నేత వల్ల ఆ పేరు వచ్చిందంటారు. షత్రంజీ మీద చాందినీ. అంటే వెన్నెల్లా తెల్లగా ఉతికిన దుప్పటి. గొప్పింటివాళ్లయితే ఆనుకోవడానికి గావ్ తకియాలు, గుండ్రటి బాలీసులు. భోజనాల వేళకి ఆ పైన దస్తర్‌ఖాన్ వస్తుంది. దాని మీద గిన్నెలే తప్ప కాలు పెట్టకూడదు.

ఎవరి పని వాళ్లదే. కిందది నేలను పట్టుకుంటుంది. మధ్యది ఒత్తిడి మోస్తుంది. పైది ఒంటికి తగులుతుంది, మాస్తుంది, ఉతుక్కి వెళుతుంది. మాసిన ప్రతిసారీ మూడూ ఉతకాల్సిన పని లేదు.

ఇది నవాబుల ఆర్భాటం అనుకుంటే పొరపాటే. మన పెళ్లి విందుల్లో బంతిచాప మీద దుప్పటి పరిచి పెద్దవాళ్లను కూర్చోబెట్టడం ఇదే లెక్క. అంతెందుకు, భగవద్గీత ఆరో అధ్యాయంలో ధ్యానానికి ఆసనం ఎలా ఉండాలో చెప్పినచోటా ఉన్నవి మూడు పొరలే. దర్భలు, వాటి మీద చర్మం, ఆ పైన వస్త్రం. మరీ ఎత్తు వద్దు, మరీ పల్లం వద్దు, కదలకుండా ఉండాలి అని కూడా ఉంది. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే పట్టు, మెత్తదనం, శుభ్రత. ఈ మూడూ ఒక్క వస్తువులోనే దొరకాలని పట్టుబట్టడంతోనే మన యోగా మ్యాట్ కష్టాలన్నీ మొదలయ్యాయి.

తివాచీ కింద పుట్టింది

ఇప్పుడు మనం యోగా మ్యాట్ అంటున్న ఈ జారని చాప యోగాతో పాటు పుట్టిందేమీ కాదు. దాని పుట్టుపూర్వోత్తరాలు చూస్తే నవ్వొస్తుంది. ఏంజెలా ఫార్మర్ అనే యోగా టీచరు జర్మనీలో పాఠాలు చెబుతున్నప్పుడు తివాచీలు నేల మీద జారకుండా కింద పరిచే జాలీలాంటి పొరను చూసి, ఓ ముక్క కత్తిరించి దాని మీద ఆసనాలు వేసి చూశారట. కాలు జారలేదు, చెయ్యి జారలేదు. అలా తివాచీ కింద దాక్కుని పని చేసే సరుకు తివాచీ మీదికి ఎక్కి కూర్చుంది! యోగా కోసమే ప్రత్యేకంగా తయారైన మ్యాట్లు అమెరికా బజారులోకి వచ్చింది 1990ల్లో.

అంతకుముందు? మన దగ్గర యోగా సాగింది జంఖానాల మీదే. మైసూరులో పట్టాభి జోయిస్ శిష్యులు ఇప్పటికీ రబ్బరు మ్యాట్ మీద నూలు జంఖానా పరుచుకుని చెమటోడుస్తుంటారు. విదేశాల్లో దానికి 'మైసూర్ రగ్' అని పేరు, మంచి ధర కూడా. ఆ సరుకుకి మన వరంగల్ షత్రంజీ దగ్గరి చుట్టమే. దాన్ని మాత్రం మనం పెళ్లివాళ్లు అద్దెకు తెచ్చుకునే సామాను కిందే లెక్కేస్తాం.

కింది పొరగా పుట్టిన సరుకుని కింది పొరగానే వాడితే? ఆలోచన అదే. అడుగున నేలను పట్టి ఉంచే మ్యాట్. పైన చెమట పీల్చే, ఉతుక్కోవడానికి వీలైన షత్రంజీ.

బొటనవేలి పరీక్ష

సరే, కొనడానికి వెళ్లామనుకుందాం. చాపల్లాంటి ఇంటి సామాన్లకు మూసీకి ఇవతల బేగంబజార్, షత్రంజీలకు పత్తర్‌గట్టీ, మదీనా చుట్టుపక్కల బట్టల బజార్లు అడుక్కుంటూ పోవాలి. ఒక్క కొట్లో అన్నీ దొరకవు. యోగా మ్యాట్లు ఊరంతా ఉన్నాయి, కానీ ఇంటర్నెట్లో బొమ్మ చూసి కొనడం కన్నా చేత్తో పట్టుకుని కొనడం మేలు.

ముందుగా చూడాల్సింది మ్యాట్ కాదు, మీ ఇంటి నేల. పాతబస్తీ ఇళ్లలో, మన పాత పెంకుటిళ్లలో ఉన్నది షాబాద్ బండ. కాస్త గరుకు. దాని మీద వట్టి జంఖానా పరిచినా పెద్దగా కదలదు. కొత్త అపార్టుమెంట్లలో అద్దంలాంటి టైల్స్. దాని మీద వట్టి జంఖానా వేసి అధోముఖ శ్వానాసనానికి వంగారో, జంఖానా ఒకవైపు, చేతులు ఒకవైపు! ఇంట్లో అరవై దాటినవాళ్లు యోగా మొదలుపెడుతుంటే ఇది తమాషా విషయం కాదు. ఆ వయసులో ఒక్కసారి జారిపడితే తుంటి ఎముక విరిగి నెలల తరబడి మంచం పట్టే ప్రమాదముంది. టైల్స్ ఇంట్లో అడుగున రబ్బరు పట్టు లేకుండా ఏదీ పరవకండి. పెద్దవాళ్లయితే గోడ పక్కన పరుచుకోవడం ఇంకా మంచిది.

మందం విషయంలో చాలామంది బోల్తా పడతారు. మెత్తగా ఉంటే సుఖమని పది, పదిహేను మిల్లీమీటర్ల స్పాంజి మ్యాట్ కొనేస్తారు. పడుకుని చేసేవాటికి హాయిగానే ఉంటుంది. వృక్షాసనంలో ఒంటికాలి మీద నిలబడితే మాత్రం పాదం కింద నేల ఊగుతుంది. మెత్తదనానికీ నిలకడకీ పొత్తు కుదిర్చే విద్య ఎవరికి తెలుసో చెప్పనా? పాతబస్తీ తాలీమ్‌ఖానాల్లోని పహిల్వాన్లకు. వాళ్ల చాప మట్టే. అఖాడాలో మట్టిని తవ్వి, జల్లించి, నూనె, పసుపు, మజ్జిగలాంటివి కలిపి మెదుపుతారు. పడితే దెబ్బ తగలకూడదు, నిలబడితే కాలు కుంగకూడదు. మ్యాట్‌కి ఆ లెక్క నాలుగు నుంచి ఆరు మిల్లీమీటర్లు. మోకాలు నొప్పి పెడితే అక్కడ మాత్రం షత్రంజీని ఇంకో మడత వేసుకుంటే సరి. మొత్తం మ్యాట్‌ని పరుపు చేయనక్కర్లేదు.

కొట్లో మ్యాట్‌ని విప్పించి బొటనవేలితో గట్టిగా నొక్కండి. వేలు తీయగానే గుంట పూడాలి. అడుగు తగిలేదాకా దిగిపోతే ఆ సరుకు ఆర్నెల్లకు అప్పడమే. తర్వాత నేల మీద పరిచి అరచేత్తో ముందుకు తోయండి. మ్యాట్ కదిలితే వద్దు. అరచెయ్యి కొంచెం తడి చేసుకుని మళ్లీ తోయండి, చెమట పట్టినప్పుడు సంగతేమిటో తెలుస్తుంది. ఇక వాసన. ముక్కు దగ్గర పెట్టుకుంటే కళ్లు మండేంత ఘాటు ఉన్నది మూసి ఉన్న పడగ్గదిలోకి తేవడం ఎందుకు? చవకరకం పీవీసీని మెత్తబరచడానికి కలిపే రసాయనాల్లో కొన్ని ఒంటికి మంచివి కావు. పిల్లల ఆటబొమ్మల్లో వాటి మీద చాలా దేశాలు ఆంక్షలు పెట్టాయి. టీపీఈ అనే రకం తేలిగ్గా ఉంటుంది, ఘాటు తక్కువ. అచ్చం రబ్బరుది బరువు, ధర ఎక్కువే, పట్టు మాత్రం దానిదే. రబ్బరు పాలు పడని, దద్దుర్లు వచ్చే ఒళ్లున్నవాళ్లు దాని జోలికి పోకూడదు.

పొడవు సంగతి జానమాజ్ దగ్గరే నేర్చుకున్నాం. మామూలుగా దొరికే మ్యాట్ 173 సెంటీమీటర్లు. ఐదున్నర అడుగుల మనిషికి సరే. ఆరడుగుల అబ్బాయి శవాసనం వేస్తే తలో మడమలో టైల్స్ మీద. కొట్లో మొహమాటపడకుండా పరిపించుకుని పక్కన నిలబడి చూసుకోవాలి. మనిషి ఎత్తు కన్నా జానెడు ఎక్కువ ఉంటే మంచిది.

షత్రంజీకి వేరే పరీక్షలు. మొదట తిరగేసి చూడండి. మంచి నేతలో బోర్లకీ వెల్లకిలకీ తేడా ఉండదు, రెండు వైపులా అదే రంగు, అదే డిజైన్. ఓ వైపు మాత్రమే రంగుందంటే అది అద్దకం. అదీ తప్పేం కాదు, ధరలో ఆ తేడా ఉందో లేదో చూసుకోవాలి. రెండు మూలలు పట్టుకుని ఎదురెదురుగా లాగితే వంకర పోకూడదు. తడిపిన తెల్ల చేతిరుమాలు పెట్టి ఎర్రగీత మీద రుద్దితే రంగు అంటుతుందో లేదో అక్కడికక్కడే తేలిపోతుంది. దుకాణదారు మొహం చిట్లిస్తాడేమోనని భయం అక్కర్లేదు. పాతబస్తీ దుకాణదారులు ఇంతకన్నా గట్టి పరీక్షలు పెట్టే బేరగాళ్లను చూశారు.

బేరం కూడా ఓ ముచ్చటే. "భాయ్, కిత్నా?" అని మన తెలుగు యాసలో అడగ్గానే, "ఆయియే అమ్మా, బైఠియే" అంటూ ముందు స్టూలు చూపిస్తారు. ధర చెప్పాక "నక్కో భాయ్, బహుత్ జ్యాదా" అని రెండడుగులు బయటికి వేస్తే, "అరె అమ్మా, ఆప్ బోలో!" అని పిలుపు. ఆ 'ఆప్ బోలో' దగ్గర నోరు జారి ఎక్కువ చెప్పేస్తే ఇక అంతే సంగతులు. చేనేత సరుకు అయితే మాత్రం మరీ సగానికి సగం అడక్కండి. ఎందుకో తెలియాలంటే ఆ షత్రంజీ ఎక్కణ్నుంచి వచ్చిందో తెలియాలి.

కొత్తవాడ మగ్గం

హైదరాబాద్ నుంచి దాదాపు 145 కిలోమీటర్లు. వరంగల్లో కొత్తవాడ. జంఖానాలకు, దరీలకు పెట్టింది పేరు. తివాచీల విషయంలో ఓరుగల్లు పేరు అంతకన్నా దూరం వెళ్లింది. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో వరంగల్ తివాచీలను చూసి దొరలు ముక్కున వేలేసుకున్నారు. వరంగల్ సెంట్రల్ జైల్లో ఖైదీలు నేసిన జంఖానాలకూ ఒకప్పుడు గిరాకీ ఉండేది. 2021లో ఆ జైలును ఖాళీ చేయించి ఆ జాగాలో పెద్దాసుపత్రి కట్టడం మొదలెట్టారు.

2018లో వరంగల్ దరీలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ఆ పేరు పెట్టుకుని ఇంకో ఊరివాళ్లు అమ్మడానికి వీల్లేదు. పేరు దక్కింది, బాగానే ఉంది. మరి మగ్గం మీద కూర్చునేవాళ్లు? జంఖానా నేత చీర నేతలాంటిది కాదు. దారం లావు, బరువు ఎక్కువ. పోగు వేసిన ప్రతిసారీ పంజాతో గట్టిగా కొట్టి దిగ్గొట్టాలి. ఆ దెబ్బలోనే ఉంది సరుకు గట్టితనమంతా. డిజైను ఉన్న రకాల్లో ఒక రంగు పోగు ఆగినచోట ఇంకో రంగు పోగును మెలిపెట్టి కలుపుకుంటూ చేత్తోనే నేయాలి. భుజం నొప్పి, నడుం నొప్పి ఆ పనితో పాటు వచ్చే జీతం. చాలాకాలంగా ఈ సంఘాలకు పెద్ద ఆధారం ప్రభుత్వ హాస్టళ్ల ఆర్డర్లు. పిల్లలు పడుకోవడానికి జంఖానాలు. ఆ ఆర్డరు ఆలస్యమైతే మగ్గం ఆగుతుంది. ఆగిన మగ్గం దగ్గర కొడుకు ఎందుకు కూర్చుంటాడు? వేరే పని చూసుకుంటాడు.

ఊళ్లో ఇన్ని యోగా క్లాసులున్నాయి. ఎక్కడినుంచో ఓడల్లో వచ్చిన రబ్బరు చుట్టలు వాటిలో వరసగా పరిచి ఉంటాయి. రెండడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవుతో, చివర కుచ్చు లేకుండా, యోగాకు పనికొచ్చే కొలతలో ఓ పొడవాటి జంఖానా నేయించుకోవాలన్న ఆలోచన ఎంతమంది టీచర్లకు వచ్చిందో మరి. ఆ కొలత నేయడం కొత్తవాడ మగ్గానికి కష్టమేమీ కాదు. అడగడమే తరువాయి.

ఎండ, నూనె, సబ్బు

కొన్నాక జాగ్రత్తలు. ఇక్కడా రెండు పొరలకూ రెండు పద్ధతులు. ఒకదానికి మంచిది ఇంకొకదానికి చెడు.

షత్రంజీకి ఎండ మందు. వారానికోసారి డాబా మీద దులిపి, తిరగేసి ఆరేస్తే చెమట వాసన, పురుగు పుట్ర అన్నీ పోతాయి. రబ్బరు మ్యాట్‌కి అదే ఎండ విషం. మన ఏప్రిల్, మే ఎండలో నాలుగు రోజులు ఆరేస్తే పెళుసెక్కి పగుళ్లు వస్తాయి. నీడలో, గాలి తగిలేచోట తీగ మీద వేస్తే చాలు. కారు డిక్కీలో పడేసి మర్చిపోవడం కూడా ఎండలో పెట్టడం కిందే లెక్క.

వాషింగ్ మెషీన్‌లో రబ్బరు మ్యాట్ వేయకండి, కంపెనీవాళ్లు వేయొచ్చని చెబితే తప్ప. బకెట్ నీళ్లలో నానబెట్టడమూ వద్దు. స్పాంజి లోపలికి పోయిన నీరు అంత తొందరగా బయటికి రాదు. గోరువెచ్చటి నీళ్లలో నాలుగు చుక్కల సబ్బు వేసి, మెత్తని గుడ్డతో తుడిచి, మళ్లీ ఉత్త తడిగుడ్డతో సబ్బు తీసేయాలి. సబ్బు మిగిలితే మర్నాడు జారేది దాని వల్లే.

నూనె సంగతి మన ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తలకు కొబ్బరినూనె, ఆదివారం ఒంటికి నువ్వులనూనె, పడుకునేముందు పాదాలకు ఆముదం... అన్నీ మంచివే. కానీ నూనెకీ రబ్బరుకీ పడదు. పట్టు పోతుంది, క్రమేణా రబ్బరు మెత్తబడి పాడవుతుంది. తలంటు రోజున మ్యాట్ మీద షత్రంజీ తప్పకుండా ఉండాలి. లేదంటే పాదాలు, చేతులు కడుక్కుని రావాలి.

షత్రంజీని మొదటిసారి విడిగా ఉతకండి. కొంచెం కుంచించుకుపోతుంది కాబట్టి కొనేటప్పుడే ఓ బెత్తెడు ఎక్కువ చూసుకోవాలి. చల్లటి నీళ్లు, తక్కువ సబ్బు. గట్టిగా మెలిపెట్టి పిండితే నేత వంకరపోతుంది. బరువుకి నీళ్లు వాటంతటవే కారిపోయేలా గోడ మీద వేసేయడమే పాతకాలపు పద్ధతి. రంగు వెలిసినట్టనిపిస్తే తిరగేసి వాడుకోవచ్చు, రెండు వైపులా ఒకటేగా.

చాప కింద నీరు అన్న మాట ఊరికే పుట్టలేదు. వానాకాలంలో తుడిచిన నేల ఆరకముందే మ్యాట్ పరిచి, అలాగే వదిలేస్తే కింద చెమ్మ నిలిచి బూజు పడుతుంది. పైకి ఏమీ కనబడదు. ఓ రోజు ఎత్తి చూస్తే నల్లమచ్చలు. అందుకే పని కాగానే తీసేయాలి. చుట్టేటప్పుడు మనం కాళ్లు పెట్టే వైపు బయటికి ఉండేలా చుట్టండి. అప్పుడు మర్నాడు పరిస్తే కొసలు పైకి లేవకుండా నేలకు అతుక్కుంటాయి. షత్రంజీని చుట్టక్కర్లేదు, మడిస్తే చాలు. మడత ఏరోజుకారోజు వేరేచోట పడితే నేత అక్కడే నలిగిపోకుండా ఉంటుంది.

ఎన్నాళ్లు వాడొచ్చు? చేతులు, పాదాలు పెట్టేచోట పొర పెచ్చులూడి, చీపురు పట్టిన ప్రతిసారీ రంగు పొడి రాలుతుంటే మ్యాట్ పని అయిపోయినట్టే. వంటింట్లో బియ్యం డబ్బాల కిందో, కుట్టుమిషను కిందో ముక్కలు చేసి వేసుకోవచ్చు. మొదట్లో తివాచీ కింద చేసిన ఉద్యోగమే మళ్లీ చేస్తుందన్నమాట. షత్రంజీ అంత తొందరగా రిటైరవదు. మధ్యలో చిరిగితే అంచులు కత్తిరించి కుట్టించి, పూజలో కూర్చునే ఆసనంగా వాడేవాళ్లున్నారు.

వెళ్లాలంటే...

పాతబస్తీలో దుకాణాలు పొద్దున్నే తెరుచుకోవు. పదకొండు దాటాక వెళ్తే మేలు. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ మక్కా మసీదు చుట్టూ రద్దీ ఎక్కువ, కొన్ని కొట్లు మూస్తారు కూడా. రంజాన్ నెలలో చూడముచ్చటగా ఉంటుంది కానీ, తాపీగా పరిపించుకుని, నొక్కి చూసుకుని కొనడానికి అది సమయం కాదు. పిల్లలతో వెళ్లేవాళ్లు దారిలో దారుల్‌షిఫా దగ్గర సాలార్‌జంగ్ మ్యూజియంలో పాత తివాచీలు చూపించొచ్చు. దానికి శుక్రవారం సెలవు. సొంతంగా కొలత చెప్పి నేయించుకోవాలనుకుంటే వరంగల్ ప్రయాణమే. బస్సుంది, రైలుంది. స్టేషన్లో దిగి ఆటో అతనికి కొత్తవాడ అని చెబితే చాలు. వెళ్లేముందు ఇంట్లో మ్యాట్ మీద ఓసారి పడుకుని, తల నుంచి మడమ దాకా తాడుతో కొలుచుకుని, ఆ తాడు వెంట తీసుకెళ్లండి.